చంద్రుడికో నూలుపోగు
(ప్రయాణాల్లో తెచ్చుకునే చిన్న చిన్న కానుకలను గురించి)

ప్రయాణం చేసి వచ్చినవారిని ఇంట్లో అందరూ కుశలం అడుగుతారు. పిల్లలు మాత్రం సంచీ వంక చూస్తారు. "ఏం తెచ్చావు?" అన్న మాట పెద్దలు మొహమాటానికి మింగుతారు గాని పిల్లలకు ఆ బాధ లేదు. మన తెలంగాణా పల్లెల్లో అయితే అవ్వలు కూడా దాచుకోరు. "బొంబాయి పోయొస్తివి గదా బిడ్డా, ఏం తెచ్చినవ్‌?" అని నిలబెట్టి అడుగుతారు. ఆ అడగటంలో ఆశ కంటె ఆపేక్షే ఎక్కువ. అంత దూరాన ఉండి కూడా మమ్మల్ని తలుచుకున్నావా అన్నదే ఆ ప్రశ్నకు అర్థం.

రాజును, గురువును, దేవుణ్ణి చూడబోయేటప్పుడు ఉత్తచేతులతో పోరాదని పెద్దలు చెప్పారు. పసిబిడ్డ ఉన్న ఇంటికీ అదే నియమం. ఆ పెద్దలే "చంద్రుడికో నూలుపోగు" అని కూడా చెప్పిపెట్టారు. విదియనాటి చంద్రుణ్ణి చూసి, కట్టుకున్న బట్టలోంచి ఒక పోగు తీసి సమర్పించటం మన ఆచారం. ఆ పోగుతో చంద్రుడు వస్త్రం కుట్టించుకోడు, ఇచ్చినవాడి మనసు చూస్తాడు. నేతపని కులవృత్తిగా మిల్లుల్లో చేరిన కుటుంబాలు మన వర్లిలో అనేకం. నూలుపోగు విలువ మనకు వేరే చెప్పనక్కరలేదు.

కనుక ఈ వ్యాసంలో వెండి బంగారాల ఊసు లేదు. జేబుకు బరువు కాకుండా, ఆయా ఊళ్ళ రుచీ గుర్తూ కలిగిన చిన్న వస్తువులను గూర్చి నాలుగు మాటలు మాత్రమే.

మన పెద్దలకు బొంబాయే పరదేశం

పరదేశం అంటే ఈనాడు మనకు దుబాయి, సింగపూరు, అమెరికా. మన ముత్తాతల నాడు బొంబాయే పరదేశం. 18వ శతాబ్దం చివరి భాగంలో వర్లి దగ్గర హార్న్‌బీ వెల్లార్డ్‌ అనే కట్ట కట్టి సముద్రపు పోటును ఆపారు. లోపలి పల్లపు నేలలు క్రమంగా ఆరి నివాసయోగ్యమైనవి. 1795 తరువాత నిజాం రాజ్యం నుంచి మన కామాటీలు వచ్చి అక్కడ గుడిసెలు వేసుకున్నారు. రాళ్ళు మోసి, మట్టి తవ్వి, రోడ్లూ మేడలూ కట్టిన ఆ కూలివాళ్ళ పేరుమీదనే కామాటిపురా వెలసింది. తరువాత మిల్లులు వచ్చినవి. మగ్గాలు విడిచి మన పద్మశాలీలు వచ్చారు. 1920లో ఏర్పడిన బొంబాయి డెవలప్‌మెంట్‌ డిపార్టుమెంటు వర్లిలో 121 చాళ్ళు కట్టించింది. వాటినే మనం బి.డి.డి. చాళ్ళు అంటాము. ఒక్కొక్క చాలులో 80 గదులు, అంతస్తుకు 20. గది వైశాల్యం 160 చదరపు అడుగులు.

అట్లాంటి గదిలో నలుగురైదుగురు కలిసి ఉంటూ, ఏడాదికొకసారి పండుగకో పెళ్ళికో ఊరికి పోయేవాళ్ళు ఏం పట్టుకుపోగలరు? అయినా ఉత్తచేతులతో పోయినవారు లేరు. మిల్లు బట్టల దుకాణంలో చౌకగా దొరికే కట్‌పీసులు, తుండుగుడ్డలు, ఒక పొట్లం మిఠాయి, ఆడపిల్లలకు గాజులు. వీటితోనే వాళ్ళు ఊళ్ళో "బొంబాయివాళ్ళు" అనిపించుకున్నారు.

బొంబాయి నుంచి ఊరికి

బొంబాయి పేరు మన వంటింట్లో ఎంతగా పాతుకుపోయిందో గమనించారా? ఉప్మాకు బొంబాయి రవ్వ కావాలి. పూరీలోకి శనగపిండితో చేసే బొంబాయి చట్నీ కావాలి. మిఠాయి దుకాణంలో రంగురంగుల బొంబాయి హల్వా నిగనిగలాడుతూ ఉంటుంది. కాని తమాషా ఏమంటే, బొంబాయి కిరాణా దుకాణంలో "బొంబాయి రవ్వ ఇయ్యి" అంటే దుకాణదారు తెల్లబోతాడు. ఇక్కడ దాని పేరు ఉత్త రవా, లేదా సూజీ. బొంబాయి చట్నీ అన్నా ఎవరికీ తెలియదు. దానికి కాస్త దగ్గర చుట్టం మరాఠీవారి పిఠలా. కొత్తగా ఊరినుంచి వచ్చిన కోడళ్ళు మొదటి వారంలో నేర్చుకునే పాఠాలలో ఇది ఒకటి.

నిజంగా బొంబాయిదే అని చెప్పదగిన మిఠాయి మాహిమ్‌ హల్వా. ఇది మన ఊళ్ళలో దొరికే జిగురు హల్వా వంటిది కాదు. పిండి, పంచదార, నెయ్యి కలిపి వండి, పల్చగా పలకలాగా ఒత్తి, పలకకూ పలకకూ మధ్య కాగితం వేసి పెట్టెలో సర్దుతారు. తడి తక్కువ గనుక ప్రయాణంలో పాడుకాదు. పైగా పలకలుగా ఉన్నది కనుక పంచటం సులువు. ఈ పంచటం సంగతి గుర్తుంచుకోండి. మళ్ళీ దానికే వస్తాను.

ఇరానీ బేకరీల నానఖటాయి, ఖారీ బిస్కట్లు కూడా చౌకైన మంచి కానుకలు. కాని ఖారీ ఊరు చేరేసరికి పొడి అవుతుంది, రేకు డబ్బా ఉంటేనే కొనండి. వడాపావ్‌ మాత్రం తీసుకుపోయేది కాదు, ఇక్కడే తినవలసినది. 1966 ప్రాంతంలో దాదర్‌ స్టేషను బయట అశోక్‌ వైద్య అనే ఆయన బండిమీద మొదలుపెట్టాడని చెప్పుకునే ఈ తిండి మిల్లు కార్మికుల కడుపు నింపింది. ఊరినుంచి చుట్టాలు వస్తే ముందు అది పెట్టించి, తరువాతనే గేట్‌వే ఆఫ్‌ ఇండియా చూపించండి. వడాపావ్‌ పైన చల్లే వెల్లుల్లి కారం పొడి మాత్రం పొట్లం కట్టుకుని పోవచ్చు. మన ఊళ్ళలో అన్నంలోకీ అది బాగానే ఉంటుంది.

మాంసాహారులకు మరొకటి చెబుతాను. వర్లి కోలీవాడలో వెదురు దండేలమీద ఎండబెట్టే బొంబిల్‌ చేపలు. తెల్లవాళ్ళు దానికి బాంబే డక్‌ అని పేరు పెట్టారు. పేరులో బాతు ఉన్నా అది చేపే. ఎండు చేపలకు తెలంగాణాలో గిరాకీ ఉన్నది గనుక చాలామంది అత్తలకు ఇంతకంటె ప్రియమైన కానుక లేదు. అయితే రెండు పొరల ప్లాస్టిక్‌ సంచీలో చుట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. లేకపోతే రైలుపెట్టెలో తోటి ప్రయాణీకులు మిమ్మల్ని జన్మలో మరచిపోరు!

రైలు దారిలో

మనవాళ్ళకు ఊరికి పోయే దారులు రెండు. ఒకటి పూనా, షోలాపురం మీదుగా హైదరాబాదు. రెండవది మన్మాడు, నాందేడు మీదుగా నిజామాబాదు. రెండు దారుల్లోనూ చవకైన మంచి వస్తువులున్నవి.

పూనా దారిలో బయలుదేరినవారికి కర్జత్‌లో బండి కాసేపు ఆగటం అలవాటే. ముందు భోర్‌ ఘాటు ఎక్కవలసి ఉన్నది గనుక వెనుకనుంచి తోసే ఇంజన్లు ఇక్కడ తగిలిస్తారు. ఆ నాలుగైదు నిమిషాల ఆగుడే కర్జత్‌ వడాపావ్‌కు పేరు తెచ్చింది. ఘాటు ఎక్కితే లోనావళా. ఇక్కడి చిక్కీ జగమెరిగినదే. ఘాటులో రైలుదారి 1863లో పూర్తి అయింది. ఆ దారి పనిలో ఉన్న కూలీలకు బలమైన తిండిగా అమ్ముడైన పల్లీ-బెల్లపు ముద్దే తరువాత చిక్కీ అయిందని అక్కడివారు చెప్పుకుంటారు. అది మన పల్లీపట్టీకి అన్నదమ్ముల వరుస. "మన ఇంట్లో చేసుకునేదేగా" అని మీరు అనవచ్చు. మనం చేసేది లావుగా, గట్టిగా ఉంటుంది. వాళ్ళది కర్రతో పల్చగా ఒత్తింది గనుక నోట్లో పుటుక్కున విరుగుతుంది. ముసలివాళ్ళ పళ్ళకు కూడా భయంలేదు.

షోలాపురం వచ్చేసరికి మళ్ళీ తెలుగు చెవిని పడుతుంది. అక్కడి మగ్గాలమీద మన పద్మశాలీల చేతులే ఎక్కువ. షోలాపురం దుప్పటి 2005లోనే భౌగోళిక గుర్తింపు పొందింది. దానికి పెట్టెలో చోటు కావాలి గనుక ఇంటికి ఒకటి చాలు. చుట్టుపక్కలవారికి పంచాలంటే తువ్వాళ్ళు మేలు. బేరం చేసేటప్పుడు నేత చూడండి. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే దట్టమైన నేతకూ పలచని నేతకూ తేడా తెలిసిపోతుంది. తినేవాటిలో అక్కడి శేంగా చట్నీ తెచ్చుకోవలసినదే. పల్లీలు, వెల్లుల్లి, మిరపకారం కలిపి నూనె తేలేదాకా దంచిన పొడి అది. నీళ్ళు తగలకుండా చూస్తే చాలా రోజులు ఉంటుంది. అప్పడంలాగా కరకరలాడే కడక్‌ భాకరీ దానికి జోడు. జొన్నరొట్టె తిని పెరిగిన మనవాళ్ళు ఒకసారి రుచి చూస్తే విడిచిపెట్టరు.

రెండవ దారిలో నాందేడు దాటిన తరువాత బాసర వస్తుంది. ఇక్కడ సరస్వతీ ఆలయంలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తారన్నది అందరికీ తెలిసిన సంగతే. అక్కడ ఒక పలకా బలపమూ కొని, చాలులో బడికి పోవలసిన ఈడు బిడ్డకు ఇచ్చి చూడండి. ఖర్చు ఏపాటిది! ఆ తల్లి మాత్రం ఎప్పటికీ చెప్పుకుంటుంది. తరువాత నిజామాబాదు పసుపు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డును ఆ ఊరు కేంద్రంగానే ప్రారంభించారు. ఇంటి పక్కన మరాఠీ ఇల్లాలు ఉంటే ఆమెకు అర కిలో పసుపుకొమ్ములు తెచ్చిపెట్టండి. వాళ్ళు సంక్రాంతి రోజుల్లో చేసుకునే హళదీ-కుంకూ పేరంటానికి అంతకంటె తగిన వస్తువు ఏమున్నది?

ఊరినుంచి బొంబాయికి

ఊరినుంచి తెచ్చేవాటిలో అగ్రతాంబూలం సకినాలదే. కొత్త బియ్యం నానబోసి, దంచి లేదా విసిరి, నువ్వులూ వామూ ఉప్పూ కలిపి, తడిపిన పిండిని వేళ్ళ మధ్య మెలిపెడుతూ బట్టమీద చుట్లు చుట్లుగా పోస్తారు. తడి ఆరిన తరువాత నూనెలో వేయిస్తారు. చూడటానికి సులువే గాని చెయ్యి తిరగటానికి ఏళ్ళు పడుతుంది. ఒకరి చేతి సకినం మరొకరి సకినంలాగా ఉండదు. "ఇది మా పెద్దమ్మ చేతిది" అని చుట్టు చూసి చెప్పగలిగినవారున్నారు. అందుకనే అది తినుబండారం మాత్రమే కాదు, చేసిన మనిషి గుర్తు కూడా. ప్రయాణంలో విరగకుండా ఉండాలంటే స్టీలు డబ్బాలో అడుగున కాగితం పరిచి, సకినాలను పడుకోబెట్టకుండా అంచుమీద నిలువుగా పేర్చండి. పైన ఖాళీ ఉంటే మరొక కాగితం కుక్కండి. డబ్బాలో కదలిక లేకపోతే విరుగుడు ఉండదు.

సంక్రాంతికి మనవాళ్ళు నువ్వుల సకినాలు తెస్తారు. అదే పండుగకు మరాఠీవారు నువ్వుల తిళ్‌గుళ్‌ చేతిలో పెట్టి తియ్యగా మాట్లాడమంటారు. రెండు భాషల నువ్వులు ఒకే నడవలో ఎదురుపడటం చాలు జీవితంలో ఒక సొగసు. వాళ్ళ పేరంటంలో వచ్చినవారికందరికీ "వాణ్‌" అని ఒక చిన్న వస్తువు ఇస్తారు. అది గిన్నె కావచ్చు, దువ్వెన కావచ్చు, సబ్బుపెట్టె కావచ్చు. గొప్పవారికి ఒకటీ బీదవారికి ఒకటీ అన్న భేదం లేకుండా అందరికీ ఒకే వస్తువు. ఈ పద్ధతి మనం నేర్చుకోదగినది.

చీరల సంగతి వస్తే నారాయణపేటను తలుచుకోక తప్పదు. పాలమూరు ప్రాంతపు ఈ ఊరి చీరలంటే మహారాష్ట్ర స్త్రీలకు ప్రాణం. శివాజీ దండు ఆ దారిన పోయినప్పుడు కొందరు నేతగాళ్ళు అక్కడే నిలిచిపోయారని ఒక వాడుక ఉన్నది. 2012లో ఆ చీరలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పట్టుచీర అందరమూ కొనలేము. నూలు చీరగాని, ఒక రవికెగుడ్డగాని తెచ్చినా చాలు. మా నడవలో ఒక మరాఠీ ముసలమ్మ ఊరికి పోయే తెలుగు కోడళ్ళను పట్టుకుని, "వహినీ, నారాయణపేఠ్‌ అంచు మరచిపోవద్దు" అని హెచ్చరిస్తూ ఉండేది. మన ఊరి పేరు పరాయి నోట అంత ముద్దుగా వినబడటం కూడా ఒక కానుకే గదా.

హైదరాబాదు మీదుగా వచ్చేవారికి లాడ్‌ బజారు లక్కగాజులున్నవి. ఇరానీ హోటళ్ళ ఉస్మానియా బిస్కట్లున్నవి. 1953లో కరాచీ నుంచి వచ్చిన ఒక సింధీ కుటుంబం పెట్టిన బేకరీ పండ్ల బిస్కట్లు ఇవాళ దేశమంతా ఎరిగినవే. పిల్లల కోసం నిర్మల్‌ కొయ్యబొమ్మలు చూడండి. తేలికైన పొనికి కర్రతో చేసి రంగులు వేస్తారు. పెద్ద బొమ్మలు ప్రియమే గాని చిన్న చిన్న పిట్టలూ పండ్లూ అందుబాటులోనే ఉంటవి. చేర్యాల నకాషీవారు చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపి చేసే చిన్న మొగాలు గోడకు తగిలించుకుంటే ఎంత చిన్న గదికైనా కళ వస్తుంది. కోస్తా వైపు వెళ్ళినవారు కాకినాడ కాజా, బందరు లడ్డు, ఆత్రేయపురం పూతరేకులు మరువరు. పూతరేకులకు మాత్రం చెమ్మా బరువూ రెండూ పగే. చేతిలో పట్టుకుని రావలసిందే.

సముద్రం దాటితే

1970ల నుంచి మనవాళ్ళు గల్ఫు దేశాలకు పోవటం ఎక్కువైంది. కరీంనగరం, నిజామాబాదు జిల్లాల యువకులు బొంబాయి వచ్చి, వీసా వచ్చేదాకా ఊరివాళ్ళ గదుల్లో తలదాచుకుని, ఇక్కడినుంచే విమానం ఎక్కేవారు. తిరిగి వచ్చేటప్పుడూ ఇక్కడే దిగేవారు. తాడుతో బిగించి, పైన పేరూ ఊరూ రంగుతో రాసిన ఆ అట్టపెట్టెలు మన చాళ్ళ నడవల్లో ఎన్ని చూశామో! అందులో నారింజ పొడి, పాలపిండి డబ్బా, మెత్తటి పెద్ద దుప్పటి, అత్తరు, నొప్పులకు పూసే టైగర్‌ బామ్‌. ఆ పెట్టె నింపటానికి అప్పుచేసినవారు కూడా మనకు తెలియనివారు కారు. ఏజెంటుకు కట్టిన అప్పు తీరకముందే, ఊళ్ళో మాట పడకూడదని మళ్ళీ అప్పు. ఇంటింటికీ ఒక గడియారమో చీరో ఇయ్యకపోతే "దుబాయి పోయి ఏం సంపాదించిండు?" అంటారని భయం. కొండంత దేవుడికి కొండంత పత్రి తేగలమా? తేలేమని చుట్టాలకు తెలియదా? తెలుసు. చెప్పే ధైర్యమే ఇరుపక్షాలకూ ఉండదు. అందుకనే ఈ విషయం పత్రికలో రాయవలసి వచ్చింది.

గల్ఫు నుంచి తేదగిన చవకైన మంచి వస్తువు ఖర్జూరం. విమానాశ్రయంలో పెట్టెకట్టి అమ్మేది ప్రియం. ఊరి బజారులో తూకానికి కొంటే అదే రకం ఎంతో తక్కువకు వస్తుంది. సౌదీలో సుక్కరీ మెత్తగా తేనెలాగా ఉంటుంది. ఖలాస్‌ రకం జీడిపాకం వాసన వేస్తుంది. కొనేముందు ఒక పండు నోట్లో వేసుకుని చూడటం అక్కడ తప్పుకాదు. ఒమాన్‌లో ఎండబెట్టిన నల్లనిమ్మ దొరుకుతుంది. ఒక కాయ చిదిపి పప్పులోగాని చారులోగాని వేస్తే కొత్త పులుపు వస్తుంది. మస్కట్‌ హల్వా సంగతి చెప్పనక్కరలేదు. పంచదార, గంజిపిండి, నెయ్యి, ఏలకులు, కుంకుమపువ్వు వేసి పెద్ద పాత్రలో గంటల తరబడి తిప్పి చేస్తారు. అక్కడ అతిథికి చేదు కాఫీతో పాటు దాన్నే పెడతారు. తిన్నవారికి మన బొంబాయి హల్వాకు అది దూరపు బంధువని వెంటనే తోస్తుంది.

అక్కడే తిని రావలసినవి కూడా ఉన్నవి. దుబాయి వీధుల్లో పనివాళ్ళు తాగే "కరక్‌" చాయ్‌ మన కడక్‌ చాయే. పేరు అరబ్బుల నోట కాస్త నలిగింది, అంతే. పరాటాలో ఒమాన్‌ చిప్స్‌ నలిపి చుట్టి ఇచ్చే తిండి అక్కడి పిల్లలకూ కూలీలకూ సమానంగా ఇష్టం. మలేషియాలో ఒక గ్లాసులోనుంచి మరొక గ్లాసులోకి బారెడు ఎత్తునుంచి పోసే తే తారిక్‌ చాయ్‌ చూడటానికే ఒక వినోదం. సింగపూరు, మలేషియాల నుంచి చాలామంది కాయా అనే కొబ్బరిపాల జామ్‌ తెస్తారు. రుచి అమోఘమే గాని అందులో కోడిగుడ్డు ఉంటుంది. శాకాహారులకు ఇచ్చేముందు చెప్పి ఇవ్వండి. మారిషస్‌ వెళితే అక్కడి వీధుల్లో ధోల్‌పురీ తప్పక తినండి. పసుపు బఠాణీ పప్పు పొడిని లోపల పెట్టి కాల్చిన మెత్తని రొట్టె అది. తీపిలేని బొబ్బట్టు అనుకోండి. చెరకు తోటల్లో పనికి వెళ్ళిన భారతీయుల వంటకం ఇవాళ ఆ దేశపు తిండి అయి కూర్చున్నది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే తాతలకూ అమ్మమ్మలకూ ఒక మాట. గుర్తుగా కొనే బొమ్మల అడుగున ఎక్కడ తయారైందో రాసి ఉంటుంది. చదివి కొనండి. చాలా వాటికీ ఆ ఊరికీ సంబంధమే ఉండదు. అంతకంటె ఆ ఊరి చిత్రం ఉన్న పోస్టుకార్డు కొని, అక్కడి బిళ్ళ అంటించి, అక్కడి పోస్టులోనే వేసి మీ చాలు చిరునామాకు పంపండి. తపాలా ముద్రతో సహా వచ్చే ఆ కార్డు ఎన్నేళ్ళయినా డబ్బాలో భద్రంగా ఉంటుంది.

తేకూడనివి, తీసుకుపోకూడనివి

ఈ భాగం దయచేసి శ్రద్ధగా చదవండి. చదువురాని పెద్దలకు చదివి వినిపించండి.

మన మసాలాల్లో మామూలుగా పడే గసగసాలు ఐక్య అరబ్‌ ఎమిరేట్లు, సౌదీ అరేబియా, సింగపూరు దేశాలలో నిషిద్ధం. అవి నల్లమందు మొక్క గింజలు గనుక మత్తుపదార్థాల చట్టం కింద చూస్తారు. ఒక చిన్న పొట్లం కారణంగా జైలుపాలు కావలసి రావచ్చు. బిడ్డకు కూరపొడి కట్టి పంపే తల్లులు అందులో గసగసాలు లేవని రూఢి చేసుకోవాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండు, అమెరికాలకు వెళ్ళేవారు తినే వస్తువు ఏది ఉన్నా ఫారంలో రాయాలి. పండ్లు, విత్తనాలు, మాంసం వంటివి తీసేసుకుంటారు. రాయకుండా దాస్తే జరిమానా వేస్తారు. ఎండుకొబ్బరి చిప్పలకు నూనె కారణంగా నిప్పంటుకునే గుణం ఉన్నది గనుక విమానంలో వాటిని ఒప్పుకోరు. ఆవకాయ చేతిసంచీలో పెడితే తనిఖీ దగ్గర పారవేయిస్తారు. గట్టిగా మూసి, పెద్దపెట్టెలో పెట్టండి.

అన్నిటికంటె ముఖ్యం మరొకటి. ప్రయాణానికి ముందు ఎవరో వచ్చి, "మా తమ్ముడు అక్కడ ఉన్నడు అన్నా, ఈ తొక్కు సీసా ఇయ్యి" అని చేతిలో పెడతారు. మనవాడే గదా అని మొహమాటపడరాదు. మూత విప్పి, అడుగుదాకా గరిటె పెట్టి చూసిన తరువాతనే తీసుకోండి. అట్లా చూడనివ్వకపోతే "నా పెట్టెల జాగ లేదు తమ్మీ" అని చెప్పి దండం పెట్టండి. సంచీ ఎవరి చేతిలో ఉంటే దానిలోని వస్తువుకు వారే జవాబుదారులు. పరదేశపు కోర్టులో "నాకు తెలియదు" అన్న మాట నిలబడటం కష్టం. నిజంగా తమ్ముడికి తొక్కు పంపదలచినవారు సీసా విప్పి చూపించటానికి వెనకాడరు.

ఇరవై గదుల లెక్క

ఇక పంచటం సంగతి. చాలులో ఒక అంతస్తుకు ఇరవై గదులు అన్నాను. ఊరినుంచి వచ్చినవారి సంచీ నడవలో అందరి ఎదుటా విప్పుకునేది. ఒక ఇంటికిచ్చి ఒక ఇంటికి ఇయ్యకపోవటం కుదరదు. అందుకని మన ఆడవాళ్ళు ఏ వస్తువు కొనబోయినా ముందు ఇరవైతో భాగించి చూసేవారు. కిలో చిక్కీ ఇరవై భాగాలవుతుంది. రెండు కిలోల సకినాలు ఇరవై పళ్ళేలకు వస్తవి. ఖర్జూరం పిడికెడు పిడికెడు అందరికీ అందుతుంది. అదే డబ్బుతో ఒక గాజుబొమ్మ కొంటే ఒక్క ఇంటి బీరువాలో కూర్చుంటుంది. మిగిలిన పందొమ్మిది ఇళ్ళు దూరం నుంచి చూస్తవి. చవకైన తినుబండారానికి మన చాళ్ళలో అంత గౌరవం రావటానికి ఈ లెక్కే కారణం.

1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె రోజుల్లో ఈ లెక్కకు మరొక ముఖం కూడా కనిపించింది. సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులకు జీతాలు ఆగిపోయినవి. ఊరినుంచి వచ్చిన సంచీల్లో తినుబండారాల స్థానంలో బియ్యం, జొన్నలు, చింతపండు, మిరపకాయలు వచ్చినవి. అదివరకు బొంబాయి నుంచి ఊరికి పోయిన పొట్లాల బాకీని ఊరు అప్పుడు తీర్చింది. తరువాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డవి. అనేకులు ఊళ్ళకు తిరిగిపోయారు. ఉండిపోయినవారు మాత్రం ఆ సంచీల బరువు మరచిపోలేదు.

ఇప్పుడు కాలం మరొక మలుపు తిరిగింది. 2025 ఆగస్టులో వర్లి బి.డి.డి. చాళ్ళవారిలో 556 కుటుంబాలకు కొత్త మేడల్లో ఇళ్ళ తాళాలు ఇచ్చారు. 160 అడుగుల గదిలో ఉన్నవారికి 500 అడుగుల ఇల్లు. తక్కినవారి వంతు కూడా వస్తున్నది. సంతోషించవలసిన విషయమే. పిల్లలు చదువుకోవటానికి ఒక మూల, ముసలివాళ్ళకు ఇంట్లోనే స్నానాలగది ఎంత సుఖం! కాని అక్కడ ప్రతి ఇంటికీ తలుపు మూసి ఉంటుంది. సంచీ లోపలే విప్పుకుంటాము. ఎవరు ఊరినుంచి వచ్చారో, ఏం తెచ్చారో పక్కవారికి తెలియనే తెలియదు. అడిగే పిల్లలు కూడా తలుపుల వెనుకనే ఉంటారు.

కాబట్టి కొత్త ఇళ్ళకు వెళ్ళిన సోదరీమణులకు మనవి. ఈసారి ఊరినుంచి రాగానే డబ్బా సర్దేయకండి. ఒక పళ్ళెంలో నాలుగు సకినాలు పెట్టి, పైన గుడ్డ కప్పి, పక్కింటి గంట నొక్కండి. లిఫ్టులో ఒక అంతస్తు పైకీ ఒక అంతస్తు కిందికీ వెళ్ళి రండి. ఇరవై ఇళ్ళు కాకపోయినా నాలుగిళ్ళతో మొదలుపెట్టండి. మన పళ్ళెం ఉత్తిగా తిరిగి రాదు. మర్నాడో మూడోనాడో తిళ్‌గుళ్ళో, ఇంత పోహానో, లేకపోతే చిటికెడు చక్కెరో దానిలో పోసుకుని వస్తుంది.

మీ మీ ఊళ్ళలో చవకగా దొరికే ఇట్లాంటి వస్తువులు మీకు తెలిసినవి ఉంటే, ఎక్కడ దొరుకుతవో, ఎన్నాళ్ళు నిలువ ఉంటవో, ఎట్లా కట్టి తేవాలో వివరంగా రాసి పత్రికకు పంపండి. వచ్చే సంక్రాంతి ప్రయాణాలకు అందరికీ పనికివస్తవి.